కాదమ్మ ముక్కాలిపీట

కన్నవాళ్ళు ఆవిడకు పెట్టిన పేరేదో ఉంది గానీ, అది ఎవరికీ గుర్తులేదు. వీధందరికీ ఆవిడ కాదమ్మే. పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. సూదులు నోట్లో ఉన్నంతసేపూ ఎవరినీ పల్లెత్తు మాట అనదు. అవి తీశాకే అసలు సంగతి.

ఆ నేల మీద అందరికంటే ముందు నుంచీ ఉన్న జనం ఆ వీధివాళ్ళు. వాళ్ళ వ్యవహారాలు వాళ్ళే చూసుకోవచ్చని ఈమధ్యే ప్రభుత్వం చట్టం చేసింది. చేసిందిలెండి, మహా ఉపకారం! ప్రభుత్వమన్నది పుట్టకముందు నుంచే వాళ్ళకో సభ ఉంది. ఆ సభలో ఏ ప్రతిపాదన వచ్చినా కాదనడానికి ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆ మనిషి అందరికీ ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని, ప్రతిపాదన తనకు నచ్చినా సరే, గట్టి అభ్యంతరం చెప్పాలి. ఎవరైనా లేచి సరైన జవాబు చెబితే, ఆ మనిషి తన పీట తీసుకెళ్ళి అందరి మధ్యా వేసుకోవాలి. అంటే ఒప్పుకున్నట్టు. లేదంటే ఆ ప్రతిపాదన మళ్ళీ ఏడాది దాకా ఎత్తకూడదు.

మేనత్త తర్వాత ఆ పీట ఈవిడకు వచ్చింది. ఇంట్లో ఎన్నాళ్ళుగానో చేస్తున్న పనేగా అన్నాడు భర్త. ఆ పూట ఆయన అన్నం ఆయనే వడ్డించుకున్నాడు.

ఈసారి సభకు వచ్చింది ఆసుపత్రి సంగతి. అది ప్రభుత్వానిది. నర్సులు ఎక్కడెక్కడి నుంచో బదిలీ మీద వస్తారు, మన ముక్కూ మొహం గుర్తుపట్టేలోపు వెళ్ళిపోతారు. ఇక దాన్ని మనమే నడుపుకుందామన్నారు పెద్దలు. నడపాల్సింది ఎవరనుకున్నారు? అక్కడే నర్సుగా ఉన్న కాదమ్మ కూతురు. ఆ పిల్లకు ఎక్కడో దూరానికి బదిలీ అయింది. ఆసుపత్రి సభ చేతికొస్తే ఉంటుంది, లేకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. ఒక్కగానొక్క కూతురు. ఉండిపోవాలని కాదమ్మకు ప్రాణం కొట్టుకుంటోంది.

"ఆసుపత్రి కప్పు కారుతోందని అను. ఎవరో ఒకరు బాగుచేయిస్తామంటారు. పీట జరిపేసుకో" అన్నాడు భర్త.

కాదమ్మ నోట్లోంచి సూదులు తీసింది. "పీట మీద కూర్చుని దొంగాట ఆడమంటావా? అలాగైతే ఆ పీట పొయ్యిలో పెట్టు."

సభ జరిగేది పాత గోదాములో. రేకుల కింద ఫ్యాను కిర్రుమంటోంది. ప్రభుత్వం పంపిన అధికారి ఒళ్ళో ఫైలుతో ముందు వరసలో కూర్చున్నాడు. కాదమ్మ లేచి నిలబడింది. కొన్నాళ్ళుగా లోపల్లోపల తొలుస్తున్నదే పైకి వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో మనవాళ్ళకి ఏమన్నా అయితే ప్రభుత్వాన్ని తిట్టుకున్నాం. రేపు మీ బిడ్డకి ఏమన్నా అయితే ఎవర్ని తిడతారు? నా కూతుర్నే కదా. మర్నాడు అది వీధిలో ఎదురొస్తే పలకరిస్తారా? మొహం తిప్పుకుంటారా? ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోతే ఇంక మన సభ ఎందుకు?"

ఎప్పుడూ లొడలొడ వాగే కిరాణా కొట్టతను కూడా ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయాడు. జవాబెవరు చెబుతారని సభ పెద్దాయన అడిగాడు, మళ్ళీ అడిగాడు. కాదమ్మ కన్నకూతుర్ని తన నోటితోనే సాగనంపేసింది.

వెనక బెంచీ మీంచి కూతురు లేచింది.

"అమ్మ అన్నది నిజమే. నాకూ భయమే. కానీ మా నాన్నమ్మ ఆ ఆసుపత్రిలో పోయినప్పుడు ఎవర్ని తిట్టాలో మాకు తెలిసిందా? ఆ పూట డ్యూటీలో ఉన్నదెవరో పేరు కూడా తెలీలేదు. నన్నయితే పేరు పెట్టి తిట్టండి. గుమ్మంలో నిలబడి తిట్టండి. తప్పు నాదయితే మీ కాళ్ళు పట్టుకుంటాను. మర్నాడు మళ్ళీ తలుపు తీస్తాను. నేనెక్కడికీ పోను."

కాదమ్మ వెంటనే కదల్లేదు. ఒప్పుకుంటున్నది పీట మీద మనిషా, కన్నతల్లా అని తనను తానే నిలదీసుకుంది. కదిలినా ఇంకెవరూ ఏమీ అనేవారు కాదు. ఆవిడే తనను తాను తిట్టుకునేది. చాలాసేపటికి ఆ జవాబులో వంక కనపడక, పీట చంకన పెట్టుకుని, మోకాళ్ళ మీద చేయి ఆన్చుకుంటూ వెళ్ళి కూతురి పక్కన వేసుకుంది. అప్పటికి గానీ కళ్ళ నీళ్ళు రానివ్వలేదు.

అనుకూలంగా ఎందరని రాయమంటారని అధికారి అడిగాడు. అందరూ అన్నాడు పెద్దాయన. ఇంతసేపూ కాదన్నావిడ కూడానా అన్నాడు అధికారి. ఆవిడ ఒప్పుకున్నాకే కదా అందరూ అన్నాడు పెద్దాయన.

ఆసుపత్రి చేతికొచ్చిన మొదటి రోజు, తలుపు తీయడం కాస్త ఆలస్యమైంది. వరసలో ముందున్న కాదమ్మ గుమ్మంలో నిలబడి, కూతుర్ని ఇంటిపేరుతో సహా పిలిచి, వీధి చివరిదాకా వినపడేలా దులిపేసింది. కూతురు తాళాలతో నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చింది. అది చూసి, వెనకున్న ముసలాయన కూడా గొంతు సవరించుకుని, పేరు పెట్టి మరీ తనవంతు తిట్టేసి, దగ్గుమందు తీసుకుని వెళ్ళాడు.

మర్నాడు ఆ పిల్ల వీధిలో ఎదురైతే, ఆయనే ముందు పలకరించాడు.