టవరు పక్కన పట్టుపురుగులు

ఇన్నేళ్లలో నా మాట చివరిదాకా విన్నవాళ్లు లేరు. మదనపల్లెలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెప్పే నేను ఊరికి వెళ్లి నోరు తెరిస్తే, ఎవరో ఒకరు తువ్వాలు దులుపుకుని లేచిపోయేవారు. అందుకే రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం తర్వాత పల్లెల్లోకి సెల్‌ఫోను టవర్లు వచ్చిన రోజులు. పుంగనూరు దగ్గర మా ఊళ్లో, నా భాగం చేనులో ఒకటి పెట్టనిచ్చాను. దాని పక్కనే మా అన్న పట్టుపురుగుల కొట్టం. గూళ్లు కట్టడానికి సిద్ధంగా ఉన్న పురుగులు ఒక ఉదయం తలలు ఊపుతూ, పచ్చటి నీళ్లు కక్కి, తట్టల్లోనే చచ్చాయి.

అన్న ఊరందరి ముందు నన్ను నిలబెట్టాడు.

"సదువుకున్నోడివి, కంటికి ఆనని అలలు గూడా నీకు తెలుస్తాయి. నా పురుగులు కనపళ్లేదా? దాన్ని ఈడ యాల పెట్టించినావు?"

టవరు నుంచి వచ్చేదీ, కొట్టంలో ట్యూబులైటు నుంచి వచ్చేదీ ఒకే జాతి అలలని చెప్పాను. వేగం ఒకటే, పొడవులోనే తేడా. టవరు అల సుమారు అడుగు పొడవు. వెలుతురు అలలైతే వెంట్రుక మందంలో వంద పడతాయి. ఎక్స్‌రే అల ఇంకా పొట్టిది. అల పొట్టిదయ్యేకొద్దీ ఊపు ఎక్కువ, దాని ఒక్కో దెబ్బకు బలం ఎక్కువ. ఎక్స్‌రే ఒంట్లో కణాలను చెడగొట్టగలదు. టవరు అల మహా అయితే దగ్గరున్నదాన్ని కాస్త వేడి చేస్తుంది. కొట్టం వేడెక్కలేదే?

సగంలోనే ఒక పెద్దాయన, "పాఠం కాలేజీలో సెప్పుకోప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. టవరు తీయించేదాకా తన గడప తొక్కొద్దన్నాడు అన్న. అమ్మ ఆ గడప లోపలే ఉండేది.

వేరే రైతు దగ్గర ఎదిగిన పురుగులు ఒక తట్ట అడిగి తీసుకుని, అన్న పురుగులు తిన్న మా మల్బరీ ఆకునే తడి గోనెలో చుట్టి, కుప్పం దగ్గర పల్లెలో అక్క ఇంటికి బస్సెక్కాను. అక్క కూడా పట్టుపురుగులు పెంచేది. ఆ చుట్టుపక్కల టవరు లేదు.

"నా కొట్టంలోకి తేవద్దప్పా. నీ పరీచ్చ వాకిట్లో పెట్టుకో" అంది అక్క.

రాత్రి వాటికి మా ఆకు వేశాను. తెల్లారేసరికి అవే తలలు ఊపడం, అదే పచ్చటి నీళ్లు.

ఆ తర్వాత ఇంకో తట్టను మా టవరు కాళ్ల దగ్గరే పెట్టాను. అక్క తన మల్బరీ తోట ఆకును రోజూ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఒక్క పురుగు తల ఊపినా టార్చి వేసి దగ్గరికి వంగి చూసేవాణ్ణి. అవన్నీ గూళ్లు కట్టాయి.

విషం ఆకులో ఉంది. మల్బరీ వరుసలను ఆనుకునే అన్న టమోటా తోట. దానికి కొట్టిన పురుగుమందు గాలికి ఈ ఆకు మీద పడింది. గూళ్లు తీసుకెళ్లి అన్న వాకిట్లో నిలబడి, ఇదంతా చెప్పాను. ఆయన ఒక గూడు తీసుకుని చెవి దగ్గర ఆడించి, లోపల పురుగు కదిలే చప్పుడు విని, "బాగుండాది" అని లోపలికి పోయాడు. ఆ వారమే మల్బరీ పక్కనున్న టమోటా సాళ్లు పీకించేశాడు. గడప తొక్కొద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అన్నా, ఊరందరి ముందు నన్ను నిలబెట్టిన రోజున, టమోటాకు మందు కొట్టిన సంగతి నీకు గుర్తుండిందా, లేదా? నాకు జవాబు కావాలి.