ఎడమవైపు చాచిన చెయ్యి

మా పెదనాన్న అంటే నాకు ఆయన ఎడమ చెయ్యే గుర్తొస్తుంది. అండమాన్‌లోని వండూర్‌లో ఇంటి అరుగు మీద వల అల్లుతూ, వెదురు పుల్లకు చుట్టిన దారం అయిపోగానే తల తిప్పకుండా ఆ చెయ్యి చాపేవాడు. పక్కనే కూర్చున్న పెద్దమ్మ దారం నిండిన మరో పుల్ల అందించేది.

ఆఖరి రోజుల్లో ఆయనకు మనుషులు గుర్తులేకుండా పోయారు. జరిగినవాటి జ్ఞాపకం పోయిందనీ, చేతులు నేర్చిన పని మెదడులో వేరే చోట భద్రంగా ఉందనీ పోర్ట్ బ్లెయిర్ డాక్టరు చెప్పాడు. నాకు లెక్కపెట్టడం అలవాటు. ఆయన అల్లిన వలలో ఒక్క కన్నూ తేడా రాలేదు. "నువ్వెవులమ్మా?" అని మాత్రం పెద్దమ్మను ఒక్క పూటలో పద్నాలుగుసార్లు అడిగాడు.

"నీ పెళ్లాన్నయ్యా! ముప్పయ్యేళ్లు నా సేతి కూడు తిని, ఇప్పుడు రేషన్ కార్డు సూపించమంటావా?" అని ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

మర్నాడు కావాలనే కుడివైపు కూర్చుంది. ఒక్కసారైనా తనకోసం వెతుకుతాడని ఆశ. దారం అయిపోయింది. చెయ్యి ఎడమవైపే చాచాడు. నేను అరవై దాకా లెక్కపెట్టాను. ఆయన తల తిప్పలేదు. ఖాళీ చెయ్యి అలాగే చాచి ఉంచాడు.

పెద్దమ్మ లేచి, ఎడమవైపు వచ్చి కూర్చుని, పుల్ల చేతిలో పెట్టింది.

"నువ్వెవులమ్మా?"

"పుల్ల ఇచ్చేదాన్నయ్యా," అంది.