తాంబూలాలయ్యాక పరీక్ష

మా ఇంటి క్యాలెండర్‌లో మూడేసి వారాలకొక తేదీ చుట్టూ ఎర్ర సున్నా ఉండేది. ఆ రోజు నా మనవడికి రక్తం ఎక్కించాలి. వాడికి తలసీమియా, ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. కొత్త క్యాలెండర్ రాగానే డిసెంబరు దాకా సున్నాలు చుట్టేసి, ఒక్కటీ తప్పు పోలేదు కదా అని మళ్లీ సరిచూసుకునేదాన్ని.

వాడికి ఆరేళ్లు నిండిన నెలలో డాక్టరమ్మ మూలకణాల మార్పిడి సంగతి చెప్పింది. ఇంకొకరి మూలకణాలు ఎక్కిస్తే వాడి ఎముకల్లోనే మంచి రక్తం తయారవుతుందట. కానీ ఇచ్చేవాళ్లవి వీడివాటితో సరిపోలాలి. బ్లడ్ గ్రూపు కలిస్తే చాలదు. వాడి అక్కవి కలవలేదు. అమ్మానాన్నలవి సగమే కలిశాయి.

"మీది మేనరికం కదండీ," అందావిడ. అవును, నా కూతుర్ని మా అన్నయ్య పెద్దకొడుక్కే ఇచ్చాం. ఇప్పుడు చివాట్లు పెడుతుందనుకున్నాను. "అలాంటి కుటుంబాల్లో బాబాయిల్లో, మేనమామల్లో కూడా సరిపోయేవాళ్లు దొరకొచ్చు. అందర్నీ పిలిపించండి. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి తీసుకుంటారు, అంతే."

ఆదివారం అన్నయ్య వాళ్లంతా మగ్గాలు ఆపి మంగళగిరి నుంచి వచ్చారు. వచ్చిన చుట్టాలకు అన్నం పెట్టకుండా ఎలా? గుత్తివంకాయ కూర, పప్పుచారు, ఆఖర్న అందరికీ తాంబూలం. ల్యాబ్ అమ్మాయి పెట్టె తెరిచి, ఎర్రటి మా నోళ్లు చూసి ఆగిపోయింది.

"ఎవరి పెళ్లండీ? గంట ముందు నుంచీ ఏమీ తినొద్దన్నాను కదమ్మా!"

అన్న మాట నిజమే. గడియారం చూసే వడ్డన ముగించాను. ఆకూవక్కా తిండి కిందికి వస్తాయని తోచలేదు.

అంతా వాష్‌బేసిన్ దగ్గర వరస కట్టారు. అన్నయ్య చిన్నకొడుకు నావంక తిరిగి, "అత్తా, ముందా వక్కపొడి డబ్బా దాచెయ్," అన్నాడు.

"నోరు మూసుకుని పుక్కిలించరా."

"మూసుకుంటే ఆవిడ తుడిచేదెలా?"

చివరికి అన్నయ్య చిన్నకొడుకువే పూర్తిగా సరిపోయాయి. సూది చూస్తేనే కళ్లు తిరిగే మనిషి. "మత్తిచ్చి తీస్తారటగా, తీసుకోమనండి," అన్నాడు. అంతలోనే, "వీడికి నా పొగరు కూడా వస్తే మాత్రం నన్ననకూడదు," అన్నాడు. నేను నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాను.

మార్పిడి అయ్యాక, బోడిగుండుతో అద్దాల గదిలో ఉన్న మనవణ్ణి బయటి నుంచే చూసేదాన్ని. ఆ కణాలు నిలవకపోతే ఏమిటని ఎవరం పైకి అడగలేదు. ఒక పొద్దున నా కూతురు ఫోన్ చేసి, "అమ్మా, నిలదొక్కుకున్నాయి," అంది.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకి, మనవడు రంగుపెన్సిళ్ల సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మమ్మా, ఆటో పిలవలేదేం?"

"ఇవాళ ఆసుపత్రి లేదు నాన్నా."

"మరి సున్నా ఉందిగా?"

ఉంది. నేను చుట్టిందే. ఎర్ర పెన్ను తెచ్చి వాడి చేతికిచ్చి, క్యాలెండర్ దింపి నేల మీద పరిచాను. వాడు కాసేపు ఆలోచించి ఆ సున్నాకి రెండు చెవులూ, మీసాలూ, తోకా పెట్టాడు. తర్వాత పేజీ తిప్పాడు.

ఆ ఏడాది మా ఇంట్లో డిసెంబరు దాకా పిల్లులే.