పీ-ఫిఫ్టీత్రీ కొండల్‌రావు

కొండల్‌రావు సారుకు ఒక్కటే అలవాటు. ఎవలు ఎదురైనా సరే, రెండు నిమిషాలల్ల ముచ్చటను మలిపి మలిపి పీ-ఫిఫ్టీత్రీ అనే జీను దగ్గరికి తీస్కపోతడు. సిరిసిల్ల జూనియర్ కాలేజీల జువాలజీ చెప్తడాయన. తొంభైమూడుల పరీక్ష పేపర్లు దిద్దటానికి హైదరాబాద్ పోయి, అక్కడి లైబ్రరీల ఏదో ఇంగ్లీషు పత్రికల దీని గురించి చదివిండు. అంతే. పోయినప్పుడు మామూలు మనిషే, వచ్చినంకనే ఇట్లయిండని ఆయన భార్య ప్రమోదిని అందరికి చెప్పుకునేది.

అంగట్ల లింగవ్వ దగ్గర వంకాయలు ఏరుతుంటే ఒక పుచ్చుకాయ చేతికొచ్చిందంటే చాలు.

"లింగవ్వా, మన ఒంట్ల కణం ఉంటది చూడు. అది రెండుగ అయ్యేటప్పుడు దాంట్ల ఉన్న రాతనంత మల్ల ఎక్కిచ్చుకుంటది. రాతల తప్పు దొర్లితే 'ఆగు, సరిజేసుకున్నంకనే ముందటికి నడువు' అని ఆర్డరిచ్చేదే పీ-ఫిఫ్టీత్రీ."

"మంచిదే సారూ. కిలోనా, అద్దకిలోనా?"

"సరికాకుంటే ఆ కణాన్ని సచ్చిపొమ్మంటది!"

"అద్దకిలో ఏస్తున్న."

బస్సుల ఎక్కితే ఇంక చెప్పేదే లేదు. కిటికీ పక్కన కూసున్న రైతు కదిలే జాగ లేక వేములవాడ దాంక తలూపుకుంట విన్నడు. దిగేటప్పుడు మాత్రం జర దగ్గరికొచ్చి, "అంత మంచి మందైతే పత్తికి ఎకరానికి ఎన్ని సీసలు కొట్టాలె సారూ?" అని అడిగిండు. సారు ఆ రైతు వెనకనే దిగి, బస్టాండుల మొదటికెల్లి మల్ల చెప్పిండు.

ఇవన్ని ప్రమోదిని ఓర్సుకున్నది. గని హుజూరాబాద్‌ల చుట్టాల పెండ్లి మాత్రం ఆమెతోని కాలేదు. సారు అక్షింతలు ఏసుకుంట, "మీ ఇల్లు వృద్ధిలకు రావాలె. గని ఆపు లేకుంట పెరుగుడు మంచిది కాదు బిడ్డా, దాన్నే క్యాన్సర్ అంటరు" అని దీవిచ్చిండు. పెండ్లికొడుకు మేనమామ అంగీ చేతులు మడుసుకుంట వచ్చేసరికి, ప్రమోదిని మొగన్ని బువ్వ బంతిల కూసోకముందే బయటికి గుంజుకొచ్చింది.

"అక్షింతలప్పుడు క్యాన్సర్ ముచ్చటేందండి? నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

"ఆపేటోడు ఉండాలెనని చెప్పిన. మంచి ముచ్చటే గద!"

"మంచి బువ్వ పోయింది. గది ఎరుకేనా మీకు?"

ఆ యేడే, వెనక గల్లీల ఉండే పవర్‌లూమ్ బాలమల్లు భార్య అనసూర్యకు రొమ్ముల గడ్డ అయ్యింది. హైదరాబాద్‌ల ఆపరేషన్ చేసి పంపిన్రు. ఇంటికైతే వచ్చింది గని, ఇల్లు మునుపటి లెక్క లేదు. అంటుకుంటదని కొందరు, ఏం పాపం జేసిందోనని కొందరు వాడకట్టంత గుసగుసలు. అత్త ఐలవ్వ కోడలికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టింది. వసారాల ఒక మూల చూపిచ్చింది. బాలమల్లు భార్యకు చెప్పలేక, తల్లికి చెప్పలేక పరేషాన్ అయితుండు.

చూసొద్దామని బయలెల్లేటప్పుడు ప్రమోదిని గట్టిగనే చెప్పింది. "అక్కడ గా జీను పేరెత్తిన్రంటే నేను మా తల్లిగారింటికి పోత."

"ఎత్తనులే," అన్నడు సారు.

వీళ్లు పోయేసరికి అనసూర్య కొంగు కప్పుకొని మోకాళ్లు ముడుసుకొని కూసున్నది. రెండు గుక్కలు తాగిన చాయ్ గ్లాసు ముందట ఉన్నది. ఐలవ్వ వీళ్లకు పీటలు దూరంగ వేసింది. సారు తన పీట తెచ్చుకపోయి అనసూర్య పక్కకే ఏసుకున్నడు. ప్రమోదిని కండ్లు మూసుకున్నది.

"బాలమల్లూ, మగ్గం మీద పోగు తెగితే ఏం జేస్తవు?"

"బంద్ వెట్టి ముడేస్త సారూ."

"బంద్ వెట్టేటోడు లేకుంటే?"

"బట్టంత ఖరాబైతది."

"గంతే. ఒంట్ల బంద్ వెట్టే పని పీ-ఫిఫ్టీత్రీది. ఒక్కోపారి దాని రాతలనే తప్పు దొర్లుతది. ఇంక ఆపేటోడు ఉండడు. సగం క్యాన్సర్లల్ల గదే చెడిపోతదట. అనసూర్యకు ఏది చెడిందో నాకు తెల్వదు. గని ఒంట్ల ఎక్కడనో రాత తప్పింది, గది పాపం కాదు. గ్లాసుతోని అంటుకునేది అసలే కాదు."

ఐలవ్వ గోడకు ఆనుకొని నిలవడ్డది. "నా కోడలు పాపం జెయ్యలేదని నాకెరికే సారూ. ఇంట్ల పిల్లలున్నరు. భయమాయె."

"నేను గూడ భయపడ్డ పెద్దవ్వా," అన్నడు సారు. గొంతు జర తగ్గింది. "అరవై తొమ్మిదిల తెలంగాణ కొట్లాటకు కాలేజీలు బందైతే ఇంటికొచ్చిన. నన్ను గన్న అవ్వ తారాబాయికి గిదే రోగం. సైన్సు చదివేటోన్ని, నేనే వేరే గ్లాసుల నీళ్లు పోసి దూరం పెట్టిన. ఆమె నన్ను ఒక్కమాట అనలే. మూన్నెల్లకు పోయింది. అప్పుడు నాకు చెప్పినోళ్లు లేరు. గందుకే ఇప్పుడు కనవడ్డోళ్లందరికి చెప్పుకుంట తిరుగుతున్న. ఎవలింట్ల గ్లాసు వేరే పెట్టిన్రో నాకేం ఎరుక?"

పద్దెనిమిదేండ్ల సంసారంల ప్రమోదిని ఈ ముచ్చట వినలే. మొగని దిక్కు కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

సారు అనసూర్య ముందటి గ్లాసు తీసి నోట్ల పెట్టుకున్నడు.

"అయ్యో సారూ, ఎంగిలి!" అని అనసూర్య చెయ్యి చాపింది.

"ఎంగిలని నాకెరుకే. షక్కర తక్కువైంది."

ఐలవ్వ గోడకాడికెల్లి కదిలింది. సారు చేతిలకెల్లి ఆ గ్లాసు తీసుకొని లోపటికి పోయి, అన్ని గ్లాసులతోని కలిపి కడిగింది. అందరికి మల్ల చాయ్ పోసుకొచ్చింది. కోడలికి అందిచ్చి, పక్కకే కూసున్నది. షక్కర ఈసారి మరీ ఎక్కువైంది, అయినా అందరు తాగిన్రు.

అనసూర్య ఒక గుక్క తాగి కొంగు జర ఎనకకు జరుపుకున్నది. "సారూ, గా ఆపేటోని సంగతి ఇంకొకపారి చెప్పుండ్రి. సగమే సమజైంది."

ఇంకొకపారి చెప్పుమని సారును అడిగినోళ్లు ఇప్పటిదాంక లేరు. ఆయన నోరు తెరిచిండు. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు, పెట్టుకున్నడు, మల్ల తీసిండు.

ప్రమోదిని పీట ముందటికి జరుపుకున్నది. "నేను చెప్త విను అనసూర్యా. మన ఒంట్ల కణం ఉంటది చూడు. అది రెండుగ అయ్యేటప్పుడు..." అని మొదలువెట్టి, ఆగకుంట, ఏడ ఊపిరి తీసుకోవాలెనో గూడ తెలిసినట్టు చెప్పుకుంట పోయింది. "తప్పు దొర్లితే గా జీను ఉరికొచ్చి..."

"జీను రాదు ప్రమోదినీ, అది తయారుజేసే ప్రోటీను వస్తది. వచ్చి వేరే జీన్లను లేపుతది," అన్నడు సారు.

"మీరు జర ఊకోండ్రి," అన్నది ప్రమోదిని. "వాళ్లు వింటున్నరు."