లావణ్యకు వచ్చిన ఒక్క ఇంగ్లిష్ వాక్యం

మగ్గాల పనికి మనవాళ్లు వలస వెళ్లిన లింబాయత్‌లో మేం ఐదో తరగతి చదివే రోజులు... సందు చివర రెండు గదుల ఇంగ్లిష్ మీడియం బడి. పక్క షెడ్డులో మగ్గాల మోత. దాన్ని మించిన గొంతు మా ఇంగ్లిష్ మేడమ్‌ది.

ఆవిడకు వచ్చిన ఇంగ్లిషంతా తిట్లే! పాఠాన్ని గైడు చూసి బోర్డు మీదికి ఎక్కించేది. నోరు తెరిస్తే యూజ్‌లెస్, షేమ్‌లెస్, నాన్సెన్స్... అర్థం అడిగితే ఇంకోటి తగిలించేది. కార్మికుల పిల్లలకు ఆ మాత్రం చదువు చాలనుకుందేమో మహాతల్లి.

నా పక్కన లావణ్య కూర్చునేది. వాళ్ల నాన్న సిరిసిల్ల వైపు నుంచి వచ్చి మగ్గం నడిపేవాడు. మేడమ్ దాన్ని రోజూ "గుడ్ ఫర్ నథింగ్" అనేది.

"గుడ్ అంటే మంచి గాదే? నన్నొక్కదాన్నే అంటది, జూడు" అని మురిసిపోయేది పిచ్చిది. నాకు లోపల కుళ్లు కూడా...

ఒకరోజు ఆ బడిని నడిపే ట్రస్టు పెద్దమనిషి ఒకాయన బడికి వచ్చాడు. తల్లిదండ్రుల్నీ పిలిచారు. లావణ్య వాళ్ల నాన్న పని వదిలి వచ్చి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తమ గురించి ఇంగ్లిష్‌లో ఎవరు చెబుతారని ఆ పెద్దమనిషి పిల్లల్ని అడగగానే లావణ్య చెయ్యి లేచింది.

"ఐ యామ్ లావణ్య, సర్. ఐ యామ్ గుడ్ ఫర్ నథింగ్, సర్."

ఆయన ముఖం మాడిపోయింది. ఎవరు నేర్పారమ్మా అని మెల్లగా హిందీలో అడిగాడు.

"మేడమ్, సర్. రోజ్ బోల్తీ హై."

రోజూ అంటుందని గర్వంగా చెప్పింది. వెనక నుంచి ఒక్కరే చప్పట్లు కొట్టారు... వాళ్ల నాన్న. బిడ్డ ఇంగ్లిష్ మాట్లాడిందని!

మేడమ్ ఏం చేసిందో తెలుసా? పళ్లికిలించి, "నాటీ గర్ల్, సర్" అంది. సిగ్గన్నది ఆ ముఖాన మచ్చుకైనా లేదు.

ఆ పెద్దమనిషే లావణ్యను పక్కకు పిలిచి, 'ఎందుకూ పనికిరానిది' అని దాని అర్థం చెప్పాడు. ఇంటికి వెళ్తుంటే దారిలో అది నా చెయ్యి పట్టుకుంది. "మా నాయినకు జెప్పకే... జర."

చెప్పలేదు. ఆయన చాలా ఏళ్లు ఆ రోజు ముచ్చట మగ్గాల దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు. లావణ్య మాత్రం ఆ క్లాసులో మళ్లీ నోరు విప్పలేదు.

ఇప్పుడు మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ మేడమ్ రోజూ "నా బంగారాలూ" అంటూ పువ్వుల బొమ్మలు పెడుతుంది... మావాళ్లు దండాలు పెడతారు. నాకు చూస్తేనే కంపరం.

మా పాప బడిలో ఇప్పుడు తప్పు రాసినా టీచర్లు "పర్లేదమ్మా" అంటున్నారు. మాకు ఆ ఒక్క మాట అప్పుడు దొరికి ఉంటే...

అర్థం తెలియకుండా మీరు మోసిన మాట ఏది? చెప్పండి... ఇక్కడెవరూ నవ్వరు.