దిబ్బ మీద రోలర్

2022 సెప్టెంబరులో నన్ను హాస్టళ్ళ మరమ్మతు విభాగం నుంచి తప్పించి క్రీడా మైదానాల పనికి వేశారు. దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్ పొలిమేరలో ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నేను సీనియర్ ఫెసిలిటీస్ ఇంజినీరుని. పైపు పగిలినా, ఏసీ ఆగినా, లిఫ్టులో ప్రొఫెసరుగారు ఇరుక్కున్నా ముందు నా ఫోనే మోగేది. నా పైన ఎస్టేట్ డైరెక్టరు. ఆయన్ని వాచ్‌మన్ నుంచి నా దాకా అందరం ముదీర్ అనే అనేవాళ్ళం. అరబ్బీలో పై అధికారి అని. నా కింద చార్జ్‌హ్యాండ్లు, మన భాషలో ముఠా మేస్త్రీలు. నాకిచ్చిన ఆర్డరులో ఉన్నది ఒకటే వాక్యం: హాస్టళ్ళ వెనక ఇసుక జాగాలో బేస్‌బాల్ మైదానం కట్టించాలి. మాది రాజమండ్రి. బేస్‌బాల్ బ్యాటు చూడటం నాకదే మొదటిసారి. చపాతీ కర్రకు ఒంట్లో బలం పట్టినట్టుంది అనుకున్నాను.

మా బేస్‌బాల్ చరిత్ర చాలామందికి తెలియదు కాబట్టి చెప్తాను, పొడుగేమీ కాదు. కొరియా, జపాన్, ఫిలిప్పీన్స్ పిల్లలు కొందరు చేరి జట్టు కట్టారు. వాళ్ళకు కోచ్ రమోన్ అనే ఫిలిప్పీన్స్ ఆయన. బక్కపలచని మనిషి, నెత్తిన టోపీ లేకుండా నేనెప్పుడూ చూడలేదు. మైదానం లేక వాళ్ళు స్టాఫ్ కార్ పార్కింగులోనే ఆడేవారు. ఒకరోజు ఒక కుర్రాడు కొట్టిన బంతి వెళ్ళి ముదీర్‌గారి ల్యాండ్ క్రూజర్ అద్దాన్ని పగలగొట్టింది. వీళ్ళను నా కారుకి వీలైనంత దూరంగా పంపండి అని ఆయన అరిచిన అరుపు ఫలితమే మా మైదానం. ఆటల మీద ప్రేమతో మంజూరైందని బ్రోచరులో వేశారు గానీ, అది పచ్చి అబద్ధం.

మంజూరుకి ఒక షరతు పెట్టారు. దుబాయ్ నుంచి ఒక క్లబ్బు జట్టును పిలిచి ప్రారంభ మ్యాచ్ ఆడించాలి. అది సవ్యంగా జరిగితే మైదానం ఉంటుంది, జరగకపోతే అక్కడ ఇంకో పార్కింగు వేస్తారు. మైదానం లేనప్పుడు కోచ్ ఎందుకని కూడా ముదీర్ మీటింగులోనే అనేశారు. రమోన్‌ది తాత్కాలిక వీసా. మ్యాచ్ జరగకపోతే ఆయన మనీలా విమానం ఎక్కాల్సిందే. అక్కడ ఆయన పంపే జీతం మీద ముగ్గురు పిల్లలు చదువుకుంటున్నారు.

బేస్‌బాల్ మైదానంలో గడ్డి, కంచె, వల ఎవరైనా వేస్తారు. అసలు పనితనం మధ్యలో ఉండే మట్టిదిబ్బలో ఉంటుంది. బంతి విసిరేవాడు దాని మీద నిలబడి కిందికి విసురుతాడు. దిబ్బ ఎత్తు జానెడు కంటే కాస్త ఎక్కువ. ఇసుకతో కట్టలేం, జారిపోతుంది. బంకమట్టి తెప్పించి, పల్చటి పొరలుగా పరచి, తడిపి, దిమ్మిసతో కొట్టి, ఒక్కో పొర ఆరాక మరోటి వేయాలి. పైన తెల్లటి రబ్బరు పలక బిగిస్తారు. ఈ పనికి దుబాయ్ నుంచి ప్రత్యేకంగా ఒక ముఠా వచ్చింది. రమోన్ పక్కనే కూర్చుని, లెవెల్ పెట్టి వాళ్ళను పీక్కుతిన్నాడు. ఆ ముఠా వెళ్ళిపోయాక రోజూ చీకటి పడ్డాక దాని మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి గానీ ఇంటికి వెళ్ళేవాడు కాదు. చంటిపిల్లకు దుప్పటి కప్పినట్టు కప్పేవాడు, మాకు నవ్వొచ్చేది.

నేను నా పట్టుదలంతా వల మీద పెట్టాను. బ్యాటు కొట్టేవాడి వెనక నిలబెట్టే ఆ వలను డ్రాయింగులో ఉన్నదానికంటే బాగా ఎత్తు పెంచాను. కన్సల్టెంటు ఎందుకని అడిగాడు. ల్యాండ్ క్రూజర్ కొత్త అద్దం చూపించాను, మారుమాట లేకుండా సంతకం పెట్టాడు.

మ్యాచ్‌కు వారం ముందు తుది మెరుగుల కోసం గంగారాం ముఠాను కల్బా ఊరి సైటు నుంచి రప్పించాం. గంగారాంది జగిత్యాల దగ్గర పల్లె. పనిలో రాక్షసుడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, చెప్పనిది కూడా చేస్తాడు. ఆటగాళ్ళు కూర్చునే పొడుగాటి షెడ్డుకు వాళ్ళు వచ్చీరాగానే బస్ స్టాప్ అని పేరు పెట్టేశారు. సాయంత్రం వాళ్ళ లేబర్ క్యాంపు బస్సు వచ్చేదాకా వరసగా అందులోనే కూర్చునేవాళ్ళు. శుక్రవారం శుక్రవారం క్యాంపు వెనక ఇసుకలో క్రికెట్ ఆడతారు. ఇసుకలో బంతి లేవదు. మంచి గట్టి పిచ్ మీద ఒక్కసారైనా బౌలింగ్ చేయాలన్నది గంగారాం చిరకాల వాంఛ అని నాకు తర్వాత తెలిసింది.

మ్యాచ్ ముందు రోజు నేనూ రమోనూ మునిసిపాలిటీలో లైట్ల అనుమతి కోసం క్యూలో ఉన్నాం. మధ్యాహ్నం వేళ గంగారాం వాట్సాప్‌లో ఫొటో పంపాడు. చూశాను. మైదానం నట్టనడుమ దిబ్బ లేదు. దాని జాగాలో అద్దంలా మెరిసే క్రికెట్ పిచ్ ఉంది! సున్నంతో క్రీజు గీతలు కూడా గీశారు. ఫొటో కింద గొంతు సందేశం:

“మేడం, నమస్తె. ముందటోళ్ళు నడుమల గింత మట్టికుప్ప ఇడిసిపెట్టి పోయిండ్రు మేడం, పైనకెల్లి గుడ్డ కప్పి దాశిండ్రు దొంగలు. రేపు ముదీర్ వస్తె మీకు మాట వస్తదని మొత్తం సాఫ్ చేసినం. రోలర్ తోటి నాలుగు మాట్ల తొక్కిచ్చినం. పిచ్ ఎట్లున్నదో సూడుండ్రి!”

ఓరి నాయనో! తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఏమని తిట్టను? నా పరువు కాపాడాలనే చేశాడు. చేసిన పని చూస్తే వంక పెట్టడానికి లేదు. ఫొటో రమోన్‌కి చూపించాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కాసేపు బట్టతల నిమురుకుని, క్యాంపు హిందీలో ఒకటే మాట అన్నాడు. “మేడం, వీసా ఖలాస్.”

వచ్చే జట్టు కోచ్ చాదస్తపు మనిషనీ, ఎక్కడికి వెళ్ళినా టేపు జేబులో వేసుకుని దిబ్బ కొలవందే ఆటగాళ్ళను దింపడనీ దారిలో రమోన్ చెప్పాడు.

మేం వెళ్ళేసరికి ముఠా అంతా నవ్వుమొహాలతో నిలబడి ఉంది. గంగారాం చేతిలో టెన్నిస్ బంతి. రబ్బరు పలకను శుభ్రంగా కడిగి బస్ స్టాప్‌లో ఆరబెట్టారు. ఒక ఓవరు వేసి చూశారట. “మేడం, బంతి నడుందాక లేస్తంది!” అన్నాడు గంగారాం, కళ్ళు మెరిపిస్తూ. ఇది ఫలానా ఆట, దిబ్బ మీద నిలబడి విసరాలి అని నేను ఇంజినీరు భాషలో మొదలుపెట్టాను. ఎవరికీ ఎక్కలేదు. ఎత్తు మీదికెల్లి ఏసుడేంది, ఎత్తు అవసరమైతే పొడుగోన్ని పెట్టుకోవాలె గదా అని ఒకడు సలహా కూడా ఇచ్చాడు.

అప్పుడు రమోన్ ముందుకొచ్చి, పిచ్ వైపు చూపించి, తర్వాత తన గుండె మీద చేయి వేసుకుని అన్నాడు. “యే మిట్టీ, మేరా వీసా.”

గంగారాం నా మొహంలోకి చూశాడు.

“నిజమేనా మేడం?”

నేను తలూపాను.

“గీ ముచ్చట ముందే చెప్పద్దా మేడం! వీసా మీద రోలర్ తొక్కిస్తమా?” అని నా మీదే ఎగిరాడు. “ఏయ్, గడ్డపారలు తీయుండ్రి. యల్లా, కానీయుండ్రి!”

మొదటి పోటు తనే వేశాడు. అంతకు ముందే క్రీజు గీసిన చోట గడ్డపార దించుతూ ఒక్క క్షణం ఆగాడు, నేను చూశాను. తర్వాత మరి ఆగలేదు. గట్టిపడ్డ మట్టిని పెళ్ళగించి, పెళ్ళలు చితక్కొట్టి, జల్లెడ పట్టి, తడిపి, పొరలు వేయడం మొదలుపెట్టారు. రమోన్ హిందీలో అరుస్తాడు, గంగారాం తెలంగాణ యాసలో అరుస్తాడు, దిమ్మిస మాత్రం తాళం తప్పలేదు. బస్సు వచ్చే వేళకు సగం లేచింది. మర్నాడు తెల్లవారే బస్సుకు వచ్చి మిగతాది పూర్తి చేశారు. పొరలు సరిగ్గా ఆరడానికి వేళ లేక, హాస్టళ్ళ గదుల్లోంచి పెడెస్టల్ ఫ్యాన్లు మోసుకొచ్చి దిబ్బ చుట్టూ పెట్టించాను. నా పాత విభాగం వాళ్ళు అడిగితే ఫ్యాన్లు పరీక్షిస్తున్నాం అని చెప్పాను.

మధ్యాహ్నం వచ్చిన దుబాయ్ కోచ్, రమోన్ చెప్పినట్టే టేపు తీశాడు. వంగి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. రమోన్ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనే అయి ఉంటుంది. వేలెడు తక్కువ ఉంది అన్నాడు దుబాయ్ ఆయన. ఆయన కాలితో దిబ్బను రెండు తన్నులు తన్ని, మట్టి రాలకపోవడం చూసి, రెండు జట్లకూ తక్కువే కదా, సరే అని టేపు జేబులో వేసుకున్నాడు.

మా జట్టు చిత్తుగా ఓడింది. చూడటానికి వచ్చినవాళ్ళలో ఆ సంగతి తెలిసింది బహు కొద్దిమందికి. గంగారాం ముఠా ప్రతి బంతికీ చప్పట్లు కొట్టింది. ముదీర్ ఆట సాంతం ఫోన్ చూసుకుంటూనే ఉన్నారు. చివర్లో అవతలి జట్టువాడొకడు కొట్టిన బంతి వెనక్కి పైకి లేచి, నేరుగా ముదీర్ కారు నిలిపిన వైపు పోయింది. ఆయన ఫోన్ వదిలేసి కుర్చీలోంచి లేచారు. బంతి వల కొసను తాకి, కాసేపు అక్కడే ఊగి, ఇటువైపే జారి పడింది. ఆయన వలను కింది నుంచి పై దాకా చూసి, “ఖలాస్, చాలా బాగుంది” అని నాతో చేయి కలిపి వెళ్ళిపోయారు. దిబ్బ ఆయన కంట పడనే లేదు. ఆ నెలాఖరులో మైదానానికి శాశ్వత అనుమతి, రమోన్‌కి పూర్తి వీసా వచ్చాయి.

తర్వాత ముదీర్‌కి చరిత్ర గోడ ఒకటి కావాలనిపించింది. ఒక్క మ్యాచ్ ఆడిన జట్టుకు చరిత్ర ఎక్కణ్ణుంచి తేను? బొమ్మలు వేసే ఏజెన్సీవాళ్ళు దొరికిన ఫొటోలన్నీ పట్టుకుపోయి గోడంతా నింపేశారు. నట్టనడుమ బస్ స్టాప్‌లో వరసగా కూర్చుని బస్సు కోసం చూస్తున్న గంగారాం ముఠా! కింద పెద్ద అక్షరాలతో తొలి జట్టు అని రాశారు. గంగారాంకి చూపిస్తే, “నేను కెప్టెన్‌నా మేడం?” అని పొట్ట పట్టుకుని నవ్వాడు. తీయించమని నేను చెప్పలేదు, రమోన్ అయితే తీయనివ్వలేదు. నేను రిటైరయ్యే రోజుకు కూడా ఆ ఫొటో అక్కడే ఉంది.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో నా పద్ధతి ఒకటి మారింది. కొత్త ముఠా సైటుకు వస్తే డ్రాయింగు విప్పే ముందు, అక్కడ ఎవరి ఉద్యోగం దేని మీద నిలబడి ఉందో చెప్పేదాన్ని. కొలతలు ఆ తర్వాత చెప్పేదాన్ని. మళ్ళీ ఎక్కడా ఎవరూ అడగకుండా రోలర్ తిప్పలేదు.