గుండ్రటి ముక్కు విమానం

పక్షవాతం వచ్చాక మా మామయ్యగారికి మిగిలిన మాట ఒక్కటే: "కాదు." పాలిటెక్నిక్‌లో ఇంజన్ల పాఠాలు చెప్పిన మనిషి. మంచినీళ్ళు కావాలన్నా అదే మాట, వద్దన్నా అదే. ఆయన్ని చూసుకోవడానికి నేను ఉద్యోగం మానేశాను. గుంటూరులో మిర్చి సీజను. ఘాటుకి ఆయనకి దగ్గొస్తుందని కిటికీలు మూసేసి, పగలంతా ఇద్దరం ఆ గదిలోనే ఉండేవాళ్ళం.

స్పీచ్ థెరపిస్టు బొమ్మల కార్డులిచ్చి పేర్లు చెప్పించమంది. ఆవు, దువ్వెన, గొడుగు. ఆయన వాటిని పక్కకి నెట్టి, గోడ మీద తాను ఎప్పుడో పెట్టుకున్న ఫోటో చూపించారు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో తిప్పిన యుద్ధవిమానం. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు.

"దీని పేరు చెప్తారా, మామయ్యగారూ?"

నోరు తెరిచారు. మెడ నరాలు పొంగాయి. పేరు ఆయనకి తెలుసు, మొహంలో కనిపిస్తూనే ఉంది. మాట మాత్రం రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆయన చెప్పలేకపోతే నేనే చెబుదామని ఫోన్లో వెతికాను. "హార్ట్ అనే విమానమట, ఇదేనా?"

"కాదు."

ఫోన్లోని విమానం మొనదేలిన ముక్కు మీద వేలు పెట్టి, తర్వాత గాల్లో సున్నా చుట్టారు. లేచి గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. ఫోటోలో దాని ముక్కు గుండ్రంగా ఉంది. చుట్టూ ఇంజను సిలిండర్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అలాంటివి ఏరి ఒక్కోటీ చూపించాను. ఆయన కాదంటూనే ఉన్నారు. అన్నం చల్లారిపోయింది.

"వాపిటీనా?"

ఈసారి కాదనలేదు. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. "జూ... జూ..." ఊపిరి పీల్చుకుని, "జూపిటర్," అన్నారు స్పష్టంగా.

ఫోన్లో ఆ బొమ్మ కింద రాసింది చదివాను. జూపిటర్ అనేది వాపిటీకి బిగించిన ఇంజను పేరు. ఇద్దరం ఏడ్చాం.

ఇక మాటలన్నీ వచ్చేస్తాయనుకున్నాను. రాలేదు. మంచినీళ్ళకీ జూపిటరే, దుప్పటికీ జూపిటరే, నన్ను పిలవాలన్నా జూపిటరే. గొంతుని బట్టి కొంత పోల్చుకోగలిగేదాన్ని. ఒకరోజు పదేపదే ఏదో అడిగారు. చెంబు చూపించాను, మాత్రలు చూపించాను, మంచం తల వైపు ఎత్తాను. ఏదీ కాదు. చివరికి ఆయనే అలసిపోయి, నన్ను ఓదారుస్తున్నట్టు చెయ్యి తట్టి కళ్ళు మూసుకున్నారు. ఆ రోజు ఆయనకేం కావాల్సివచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.